కల్వంలోని ఎరుపు

"పెంకులు పారేయకమ్మాయ్, ఎండలో పెట్టు" అనేది మా అత్తగారు దోన్యా క్లోతీల్దే, నేను గుడ్డు పగలగొట్టిన ప్రతిసారీ. ఆ ఇంట్లో నేను విన్న మొదటి మాట కూడా దాదాపు అదే. ఎర్ర కోళ్ళు, గోధుమరంగు గుడ్లు. ఆ పెంకులు కడిగి కిటికీ గట్టు మీద ఆరబెట్టి, రాతి కల్వంలో మెత్తగా నూరి, సగం టమాటా మొక్కలకి వేసేది, సగం మా ఆయన పెంచే మొసలి పిల్లల మేతలో కలపడానికి పంపేది. సున్నం ఎముకలకి బలమట. నూరే పని నేను వచ్చాక నాదైంది. ఆ కల్వం అంచు ఒకవైపే అరిగి ఉండేది. పొత్రం పట్టుకుంటే నా వేళ్ళు వాటంతటవే దాని మీది పల్లాల్లోకి జారిపోయేవి. ఆ పల్లాలు నా వేళ్ళవి కావు. నాకు ముందు ఆ ఇంట్లో కాపురం చేసిన నెలీదావి.

నెలీదా మా ఆయన ఆతీలియో మొదటి భార్య. మా ఊరి పక్కనున్న ఇబెరా చిత్తడిలో పడవ మీద వెళ్ళి మునిగిపోయింది. మా ఊళ్ళో ఆవిడ గురించి అడిగితే అందరూ ఒకే మాట చెప్పేవాళ్ళు, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నట్టు. "పాపం, ఆరోగ్యం బాగుండేది కాదు." ఆ మాట అనేటప్పుడు కణత మీద వేలు పెట్టి చూపించేవాళ్ళు. అంతకు మించి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండోసారి వచ్చిన భార్య మొదటావిడ గురించి అడగకూడదని ఎవరూ నాకు నేర్పలేదు. అయినా నాకు తెలుసు. ఆవిడ ఏప్రన్ నాకు సరిగ్గా సరిపోయింది. ఆవిడ చెప్పులు తలుపు వెనక ఉండేవి. తీసేద్దామని ఎవరికీ తోచలేదు. అత్తయ్య కొన్నిసార్లు నన్ను నెలీదా అని పిలిచి, సర్దుకోకుండా మాట కొనసాగించేది. నేను కూడా "ఆఁ అత్తయ్యా" అని పలికేదాన్ని. ఏడాది గడిచేసరికి, ఆ పేరుతో పిలిచినప్పుడే నేను తొందరగా తల తిప్పుతున్నానని గమనించి భయం వేసింది.

అన్నిటికంటే భయం వేసేది మధ్యాహ్నాల్లో. మా కొర్రియెంతెస్ వైపు ఎండాకాలం భోజనాలయ్యాక ఊరంతా తలుపులు మూసుకుని పడుకుంటుంది. ఆ వేళ బయట తిరిగేవాళ్ళని ఎవరో ఈలవేసి చిత్తడిలోకి పిలుచుకుపోతారని పిల్లలకి చెబుతారు. ఇంట్లో అందరూ పడుకుంటే నేను అంట్లు తోముకుంటూ ఉండేదాన్ని. అప్పుడు వినిపించేది, రాయి మీద రాయి నెమ్మదిగా నూరుతున్న చప్పుడు. తిరిగి చూస్తే కల్వం దాని చోట అది బోర్లించి ఉండేది. పావురాలేమో, పక్కింటి మర ఏమో అనుకునేదాన్ని. చదువుకున్నదాన్ని కదా. రసాయన శాస్త్రం చదివినదాన్ని.

నిజానికి ఆ చదువే నన్ను ఆ ఇంటికి తెచ్చింది. ఆతీలియో చిత్తడి ఒడ్డున మొసళ్ళ కేంద్రం నడిపేవాడు. వేసవిలో అడవి గూళ్ళలోంచి యకారే మొసలి గుడ్లు ఏరి తెచ్చి, పొదిగించి, పిల్లలు కాస్త పెద్దవయ్యాక మళ్ళీ నీళ్ళలో వదిలేవాళ్ళు. కానీ అతని పేరు ఊళ్ళు దాటింది పిల్లల వల్ల కాదు, పెంకుల వల్ల. తాబేలు, పాము, మొసలి గుడ్డు పెంకులు తెల్లనివి, సున్నమూ మాంసకృత్తులూ తప్ప వాటిలో రంగు ఉండదని అందరూ అనుకునేవాళ్ళు. ఉందన్నాడు ఆతీలియో. కంటికి కనబడనంత కొంచెం, కోడిగుడ్డుకి గోధుమరంగునిచ్చే పదార్థమే, మొసలి పెంకు పొడిలో అతినీలలోహిత దీపం కింద ఎర్రగా వెలిగిందన్నాడు. "పిట్టగుడ్డు రంగు మొదలైంది మా చిత్తడిలోనే" అని సభలో అతను అన్నప్పుడు నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను. సగం ఆ వాక్యాన్నే పెళ్ళాడానేమో.

పెళ్ళయ్యాక నాకు కేంద్రంలో ఉద్యోగమేమీ ఇవ్వలేదు. "మన ఇంటి పనేగా ఇర్మా, నీకు వేరే హోదా ఎందుకు?" అన్నాడు. పొద్దున వంట, తర్వాత ప్రయోగశాల, మధ్యాహ్నం మళ్ళీ వంట, సాయంత్రం సీసాలు కడగడం. అక్కడ పెంకులు నూరే మర పాడై ఏళ్ళయింది. "ఎలాగూ వంటింట్లోనే ఉంటావు కదా, అక్కడే నూరి తీసుకురా" అనేవాడు. నేను నూరిన పొడి, నేను కరిగించిన ద్రావకం, నేను కొలిచిన వెలుగు అతని వ్యాసాల్లోకి వెళ్ళేవి. ప్రతి వ్యాసం చివర ఒక వాక్యం ఉండేది. "ఓపికగా సహకరించిన నా భార్యకు కృతజ్ఞతలు." ఒకసారి పాత సంచికలు సర్దుతూ చూశాను. నెలీదా బతికున్న కాలపు వ్యాసాల్లోనూ అదే వాక్యం. భార్య మారింది గాని అక్షరం మారలేదు.

ఆదివారాలు వచ్చే అతని మేనత్త నా పొట్ట వైపు చూసి, "ఊళ్ళో గుడ్లన్నీ నీ చేతిలోనే ఉన్నాయి, ఒళ్ళో మాత్రం ఏమీ పడలేదు కదే!" అని పకపకా నవ్వేది. ఆతీలియో కూడా నవ్వేవాడు. అందరికీ కర్రపెండలం ముక్కలు వడ్డిస్తూ నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వు నాకు ఎవరు నేర్పారో, ఆ ఏప్రన్‌తో పాటే వచ్చిందో.

ఆ వేసవి చివర్లో నూనె చింది నా కుడి మణికట్టు కాలింది. పొత్రం పట్టుకోలేకపోయాను. గూళ్ళలోంచి కొత్తగా తెచ్చిన పెంకుల్ని నూరకుండా, ప్రయోగశాలలోనే చిన్న కత్తెరతో తుంపులు చేసి, పలచటి ఆమ్లంలో వేశాను. సున్నం బుడగలు బుడగలుగా కరిగిపోయి, లోపలి మాంసకృత్తుల పొర మాత్రం మిగిలింది. పెంకు ఆకారం అలాగే ఉంది, బిగువు లేదు. పట్టుకుంటే తడి గుడ్డలా వేలికి చుట్టుకుంది. నాకది ఎప్పుడూ ఇష్టంగా ఉండేది, ఆ పొర మిగలడం. ద్రావకాన్ని నల్లగుడ్డ కట్టిన చిన్న గదిలోకి తీసుకెళ్ళి దీపం వేశాను. ఎరుపు లేదు. మళ్ళీ చేశాను, ఇంకో గూటి పెంకులతో. లేదు.

ముందుగా నన్నే అనుమానించుకున్నాను. ఆతీలియోకి చెప్తే అతనూ నన్నే అనుమానించాడు.

"కడిగిన సీసాలేనా? నీ ధ్యాస ఈమధ్య ఎక్కడుంటోందో" అన్నాడు, పేపరు మడత పెడుతూ. "నూరకుండా చేస్తే ఏం వస్తుంది? ఎప్పుడూ చేసినట్టే చెయ్యి."

ఎప్పుడూ చేసినట్టే. ఆ మాట రెండు రోజులు నా తలలో తిరిగింది. ఎప్పుడూ చేసేదానికీ ఇప్పుడు చేసినదానికీ తేడా ఒక్కటే. ఒక మధ్యాహ్నం అందరూ పడుకున్నాక వంటింటి కల్వాన్ని తువ్వాలులో చుట్టుకుని, ఎండలో నడిచి ప్రయోగశాలకి వెళ్ళాను. దారిలో వెనక నుంచి ఈల వినిపించినట్టయింది. తిరగలేదు. చీకటి గదిలో కల్వాన్ని బల్ల మీద పెట్టి దీపం వేశాను.

రాయి లోపలంతా ఎరుపు. అడుగున, గరుకు గుంటల్లో, అరిగిన అంచు పొడవునా, ఎన్నిసార్లు కడిగినా పోని సన్నటి పొడి, బూడిద కింద నిప్పులా వెలుగుతోంది. కోడిగుడ్డు రంగు. మా వంటింటి రంగు. ఇన్నేళ్ళుగా మొసలి పెంకులో అతను చూపించినది నా చేతి మీదుగా, నెలీదా చేతి మీదుగా అక్కడికి చేరిన మా అత్తగారి కోళ్ళ ఎరుపు. నేను చాలాసేపు దీపం ఆర్పలేదు. ఆ గదిలో నా పక్కన ఇంకొకరు కూడా వంగి చూస్తున్నట్టనిపించింది. పక్కకి చూడాలంటే భయం వేసింది, చూడకపోవడం మర్యాద కాదేమో అనీ అనిపించింది.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య లేచి వెనక గుమ్మం దగ్గర చల్లటి మాతే కషాయం తాగుతోంది. కల్వం చూసి ఆవిడ గ్లాసు కింద పెట్టేసింది.

"అత్తయ్యా, కోడిగుడ్డు పెంకులు ఎప్పటినుంచి దీన్లో నూరుతున్నారు?"

ఆవిడ నా ముఖంకేసి కాదు, నా చేతులకేసి చూసింది. అప్పుడు అంది:

"అదీ ఇక్కడే నిలబడింది. ఇదే కల్వం ఇలాగే పొట్టకి ఆనించుకుని. ఇదే అడిగింది."

"ఎవరు?"

"ఇంకెవరు! నెలీదా."

 గడప మీద కూర్చున్నాను. అత్తయ్య మొహం తోట వైపు తిప్పుకుని చెప్పింది. నెలీదా కనిపెట్టిందట, ఆతీలియోకి చెప్పిందట, ఇద్దరూ పోట్లాడుకున్నారట. తప్పు తేల్చాలంటే కల్వం తగలని కొత్త పెంకులు కావాలి, తెచ్చుకుంటానందట. అతను, పడవ నడిపే సిరీలో అనే మనిషితో, కేంద్రం మోటారు పడవ ఆవిడకి ఇవ్వొద్దని చెప్పాడట. ఆవిడ చేపలు పట్టే చిన్న తెడ్డు పడవ తీసుకుని, అతను పడుకున్న వేళ చూసి ఒంటరిగా వెళ్ళింది.

"నేను చూశాను పిల్లా. సంచీ భుజాన వేసుకుని ఈ దారినే పోయింది. 'ఈ ఎండలో ఎక్కడికే?' అన్నాను. 'వచ్చేస్తానత్తయ్యా, పెంకులకి' అంది. గాలివాన వచ్చింది. పడవ గుర్రపుడెక్కలో బోల్తా పడి దొరికింది."

"మరి ఆరోగ్యం బాగాలేదని..."

"వాడన్నాడు." అత్తయ్య నా వైపు తిరిగింది. "శవం ఇంట్లో ఉండగానే అన్నాడు, వచ్చిన ప్రతివాళ్ళతోనూ. మనిషి తనంతట తనే పోయిందని అందరూ అనుకునేట్టు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. వాడు నా కొడుకు కదా అనుకున్నాను."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆతీలియోకి చెప్పాను. అరవలేదు అతను. చేప ముల్లు జాగ్రత్తగా తీసి పళ్ళెం అంచున పెట్టాడు.

"నూరింది ఎవరు?" అన్నాడు. "నేను ఎప్పుడైనా ఆ కల్వం ముట్టానా? ముందు నెలీదా, తర్వాత నువ్వు. మురికి మీ చేతుల్లోది. బయటపడితే నవ్వేది మిమ్మల్ని చూసే."

"నవ్వనీ."

"కేంద్రం మూతపడుతుంది. సిరీలో ఎక్కడికి పోతాడు? వాడి పిల్లలెక్కడికి పోతారు? కాస్త ఆలోచించు. నీ ఒంట్లో బాగుండటం లేదు ఇర్మా, నేను కొన్నాళ్ళుగా చూస్తున్నాను."

చాలా ప్రేమగా అన్నాడు. నా చేతి మీది కట్టు సవరించాడు కూడా. అప్పుడు నాకు అర్థమైంది. అతను నా మీద కోపంగా లేడు. నేను ఎలా పోవాలో కూడా అతనికి ముందే తెలుసు.

మర్నాడు ప్రయోగశాలకి వెళ్ళేసరికి నేను కత్తిరించి పెట్టుకున్న పెంకుల పళ్ళెం కడిగి బోర్లించి ఉంది. మిగిలిన పెంకులూ లేవు. "కుళ్ళు వాసన వస్తుంటే పారేయించాను" అన్నాడు. సిరీలో నా వైపు చూడకుండా, "మోటారు చెడిపోయిందమ్మా" అన్నాడు. మొసలి పిల్లలు బయటికి వచ్చేసిన గూళ్ళు చిత్తడిలో ఇంకా కొన్ని ఉన్నాయి. పెంకులు అక్కడే పడి ఉంటాయి. వానలు మొదలైతే అవీ ఉండవు.

భోజనాలయ్యాక అంట్లు అలాగే వదిలేశాను. ఆ ఇంట్లో అంట్లు తోమకుండా లేవడం అదే మొదటిసారి. సంచీ తీసుకుని వెనక గుమ్మంలోంచి రేవుకి నడిచాను. భయం వేయలేదని చెప్పను. ఎండ తెల్లగా, నీళ్ళు తెల్లగా, ఎక్కడా మనిషి అలికిడి లేదు. నా అడుగుల వెనక ఇంకో జత అడుగులు. ఈసారి పావురాలని అనుకోలేదు. రానీ, అనుకున్నాను. పడవ తాడు విప్పుతుంటే అడుగులు దగ్గరికొచ్చాయి, ఆయాసపడుతూ. తిరిగి చూశాను.

అత్తయ్య. గడ్డి టోపీ పెట్టుకుని, కొడుకు రబ్బరు బూట్లు వేసుకుని ఉంది.

"జరుగు," అంది పడవలోకి దిగుతూ. "తెడ్డు నాకియ్యి. నీ చెయ్యి కాలింది కదా."

"అత్తయ్యా, మీ వయసులో..."

"నోర్మూసుకుని కూర్చో పిల్లా. దాన్ని ఒక్కదాన్నే పంపాను. నిన్ను పంపను."

ఆవిడ పుట్టింది ఆ చిత్తడిలోనే. గుర్రపుడెక్క మధ్య దారి ఎక్కడ విడుతుందో, గడ్డిదిబ్బ ఎక్కడ కాలు మోపనిస్తుందో ఆవిడకి చెప్పక్కర్లేదు. ఒకచోట తెడ్డు ఆపింది. అక్కడేమీ లేదు, ఊదారంగు పూలు తప్ప. ఎందుకు ఆగిందో నేనూ అడగలేదు. శిలువ గుర్తు వేసుకుని మళ్ళీ తెడ్డు వేసింది. గూటి దగ్గర తల్లి మొసలి దూరంగా నీళ్ళలో రెండు కళ్ళూ పైకి పెట్టి మమ్మల్నే చూస్తూ ఉంది. దాని చుట్టూ పిల్లలు. "నీ పిల్లలు నీ దగ్గరే ఉన్నాయిలే తల్లీ, మాకు పెంకులు చాలు" అంది అత్తయ్య దానితో. కుళ్ళిన గడ్డిలో చేతులు పెట్టి పెంకులు ఏరాను. నేను ఏరి ఇస్తుంటే ఆవిడ సంచీ నోరు పట్టుకుంది. మూడు గూళ్ళు తిరిగాం. తిరిగి వస్తుంటే ఆవిడ నెమ్మదిగా ఏడ్చింది, తెడ్డు ఆపకుండా.

ఈసారి ఆ పెంకుల్ని ఆతీలియో ప్రయోగశాలకి తీసుకెళ్ళలేదు. కొర్రియెంతెస్‌లో నాతో చదువుకున్న స్నేహితురాలు ఎర్నెస్తీనా ఒక కళాశాలలో పాఠాలు చెప్పేది. పెంకులూ కల్వమూ పట్టుకుని బస్సెక్కి ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఇద్దరం కలిసి కత్తిరించాం, కరిగించాం, చీకట్లో దీపం వేశాం. సున్నం, మాంసకృత్తుల పొర. ఎరుపు లేదు. ఏ గూటిలోనూ లేదు. కల్వంలో తిప్పి తీసిన ముక్క మాత్రమే ఎర్రగా వెలిగింది. ఎర్నెస్తీనా "దీన్ని ముందే ఎవరూ చూడలేదా?" అంది. "చూశారు" అన్నాను.

ఆ నెలలోనే నగరంలో సభ. ఆతీలియో మాట్లాడాలి, నేను ఎప్పటిలాగే స్లైడులు మార్చాలి. అతను ముగించాక, ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అధ్యక్షుడు అడిగాడు. నేను ప్రొజెక్టరు పక్కనే లేచి నిలబడి, నా స్లైడు పెట్టాను. చీకట్లో ఎర్రగా వెలుగుతున్న కల్వం.  మొదటినుంచి చివరి దాకా చెప్పాను. దీన్ని కనిపెట్టింది నెలీదా ఇన్సౌర్రాల్దే అని, నేను మళ్ళీ చేసి చూశానంతే అని చెప్పాను.

ఆతీలియో చిరునవ్వుతో మైకు అందుకున్నాడు. "క్షమించాలి. నా భార్య ఆరోగ్యం కొంతకాలంగా బాగుండటం లేదు."

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. అత్తయ్య వస్తుందని నాకు తెలియదు. చర్చికి వేసుకునే నల్ల గౌనులో లేచి నిలబడింది.

"ఏ భార్య సంగతి చెబుతున్నావురా ఆతీలియో?" అంది.

అతను మైకు బల్ల మీద పెట్టేశాడు. ఎవరూ నవ్వలేదు, అతన్ని చూసి గాని, మమ్మల్ని చూసి గాని.

తర్వాత జరిగినవి చప్పగానే జరిగాయి. కేంద్రం మూతపడలేదు. వేరే అధికారిని పంపారు. సిరీలో ఇంకా పడవ నడుపుతున్నాడు. ఆతీలియో నాకు కబురు పంపాడు, క్షమిస్తానని, ఇంటికి రమ్మని. అత్తయ్య ఆ కబురు ఫోనులో నాకు చెప్పి, "నేను చెప్పమన్నది చెప్పాను. రమ్మని మాత్రం నేననను" అంది.

సభ అయినప్పటి నుంచి నేను ఎర్నెస్తీనా ఇంట్లో సోఫా మీద పడుకుంటున్నాను. దిద్దుబాటు వ్యాసం అచ్చు వేస్తామని పత్రికవాళ్ళు రాశారు. రచయితల పేర్లు రెండూ పంపాను, నెలీదాది ముందు. ఒక్కొక్కరికీ చిరునామా కావాలన్నారు. మధ్యాహ్నం, ఎర్నెస్తీనా వాళ్ళింట్లో అందరూ పడుకున్నారు. నెలీదా పేరు ఎదురుగా కలం ఆగిపోయింది. ఆతీలియో ఇంటి చిరునామా రాయడానికి చెయ్యి రాలేదు. ఆవిడ అక్కడ ఉండట్లేదు. "ఇబెరా చిత్తడి" అని రాశాను. నా పేరు ఎదురుగా ఏమీ రాయకుండా వదిలేసి, చెప్పులు వేసుకుని, అద్దెకి గది వెతుక్కోవడానికి ఆ ఎండలోకి బయలుదేరాను.